డ్యూరాంట్ వారియర్స్‌కి వెళ్లడం తప్పు కాదు, మరి పేరెందుకు చెడింది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: 2016లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో కెవిన్ డ్యూరాంట్ కాంట్రాక్ట్ అయిపోయింది, నచ్చిన టీమ్ గోల్డెన్ స్టేట్ వారియర్స్‌కి వెళ్లాడు, వరుసగా రెండు టైటిళ్లు గెలిచాడు, రెండుసార్లూ ఫైనల్స్ ఎంవీపీ (ఉత్తమ ఆటగాడు) అతనే. అయినా ఆ రింగుల (టైటిల్ గెలిచినవాళ్లకిచ్చే ఉంగరాల) మాట ఎత్తగానే జనం పెదవి విరుస్తారెందుకు? 2010లో క్లీవ్‌లాండ్ వదిలి మయామీకి వెళ్లిన లెబ్రాన్ జేమ్స్ చేసిందీ ఇదే కదా, అతన్ని ఎందుకు క్షమించారు? ఇప్పుడు హ్యూస్టన్‌లో గెలిస్తే ఏమైనా మారుతుందా?

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. డ్యూరాంట్ పేరు చెడింది టీమ్ వదిలినందుకు కాదు, వెళ్లి చేరిన టీమ్ వల్ల. అంతకుముందు ఏడాది టైటిల్ కొట్టి, ఆ సీజన్‌లో 82 మ్యాచ్‌లకు 73 గెలిచి, సరిగ్గా అయిదు వారాల కిందటే తనని ప్లేఆఫ్స్‌లోంచి (సీజన్ చివరి నాకౌట్ పోటీల్లోంచి) బయటికి పంపిన టీమ్ అది. లెబ్రాన్ పేరు చెడింది ఆ నిర్ణయాన్ని ప్రకటించిన తీరు వల్ల. తీరు వల్ల చెడ్డ పేరు కాలం గడిస్తే పోతుంది. ఆటకి సంబంధించిన అనుమానం అలా పోదు, దానికి ఆటలోనే జవాబు చెప్పాలి, ఆ అవకాశం డ్యూరాంట్‌కి సరిగ్గా దొరకలేదు.

నేనెవరంటే, డాలస్ పక్కన ఒక చిన్న క్లబ్‌లో హైస్కూల్ పిల్లలకి బాస్కెట్‌బాల్ కోచింగ్ ఇస్తుంటాను. అంతకుముందు హైదరాబాద్‌లో యూనివర్సిటీ టీమ్‌కి ఆడాను. ప్రతి జులైలోనూ మా జిమ్‌లో ఈ వాదన ఒక్కసారైనా వస్తుంది, అందులో సగం మంది మన తెలుగు పిల్లలే, తల్లిదండ్రులు కూడా దూరతారు.

ఫ్రీ ఏజెన్సీ అంటే కొత్తవాళ్లకి కాస్త చెప్పాలి. మన ఐపీఎల్ వేలంలో ఆటగాడు టీమ్‌ని ఎంచుకోడు, ఎవరు ఎక్కువ పాడితే వాళ్ల దగ్గరికి వెళ్తాడు. అందుకే వేలంలో వేరే టీమ్‌కి పోయినవాణ్ణి ఎవరూ ద్రోహి అనరు. ఎన్‌బీఏలో మొదట డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు కొత్త ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునేటప్పుడు, ఏ టీమ్ తీసుకుంటే దానికే ఆడాలి, కానీ కొన్నేళ్ల తర్వాత కాంట్రాక్ట్ తీరినప్పుడు ఎంపిక ఆటగాడి చేతికి వస్తుంది, ఫ్రీ ఏజెన్సీ అంటే అదే. ఈ హక్కు ఊరికే రాలేదు. 1970లో ఆస్కార్ రాబర్ట్‌సన్ అనే ఆటగాడు లీగ్ మీద కేసు వేస్తే 1976లో రాజీ కుదిరింది, పూర్తి స్వేచ్ఛతో టీమ్ మారే అవకాశం 1988లో గానీ రాలేదు, దాన్ని మొదట వాడుకున్నది సియాటిల్ నుంచి ఫీనిక్స్‌కి వెళ్లిన టామ్ చేంబర్స్. అంటే డ్యూరాంట్ చేసింది వాళ్ల పెద్దలు కోర్టుకెక్కి సంపాదించిపెట్టిన పని. ఇందులో నైతికంగా తప్పు పట్టడానికి ఏమీ లేదు, ఈ విషయంలో నేను ఎవరితోనైనా వాదిస్తాను.

కానీ ఎంపిక మనదైనప్పుడు, ఆ ఎంపిక మన గురించి ఏం చెబుతోందని జనం చూస్తారు. ఎవరో కొని తెచ్చినవాడికీ తనంతట తాను వచ్చినవాడికీ తేడా ఉంటుంది కదా.

ఇప్పుడు 2016 మే 28కి వెళ్దాం, ఎందుకంటే అసలు కథంతా ఆ రాత్రి దగ్గరే ఉంది. వెస్ట్ ఫైనల్స్‌లో (ముందుగా నాలుగు మ్యాచ్‌లు గెలిచినవాళ్లు ఫైనల్స్‌కి వెళ్తారు) డ్యూరాంట్ అప్పటి టీమ్ ఓక్లహోమా సిటీ థండర్ 3-1తో వారియర్స్ మీద ముందుంది. అయిదో మ్యాచ్ ఓడింది, పర్లేదు, ఆరోది సొంత ఊళ్లో. ఆఖరి క్వార్టర్ మొదలయ్యేసరికి ఎనిమిది పాయింట్ల ఆధిక్యం. అక్కణ్ణుంచి వారియర్స్ ఆటగాడు క్లే థాంప్సన్ వేసిన త్రీలు (దూరంగా ఉన్న గీత అవతల నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) చూస్తే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు, మొత్తం 11 త్రీలు, 41 పాయింట్లు, వాటిలో 19 ఆఖరి క్వార్టర్‌లోనే. డ్యూరాంట్ ఆ రాత్రి 31 షాట్లు వేస్తే పడ్డవి 10. 108-101తో ఓటమి, తర్వాత ఏడో మ్యాచ్ కూడా పోయింది. ఆ థండర్ అల్లాటప్పా టీమ్ కాదు, అంతకుముందు రౌండ్‌లో 67 మ్యాచ్‌లు గెలిచిన శాన్ ఆంటోనియోని ఇంటికి పంపి వచ్చింది. ఫైనల్స్‌కి ఒక్క క్వార్టర్ దూరంలో ఆగిపోయింది.

అలా ఓడాక డ్యూరాంట్ ముందు ఒక ప్రశ్న మిగిలింది, "వీళ్లని కొట్టగలవా?" అని. జులై 4న ఒక చిన్న వ్యాసం రాసి వారియర్స్‌లో చేరుతున్నానన్నాడు. ప్రశ్నకి జవాబు చెప్పలేదు, ప్రశ్నే లేకుండా పోయింది. జనానికి మండింది ఇక్కడే. బోస్టన్‌కి వెళ్లి ఉంటే (అమెరికన్ ఫుట్‌బాల్ స్టార్ టామ్ బ్రేడీని వెంటబెట్టుకుని మరీ వచ్చి అడిగారు వాళ్లు), లేదా మయామీకో క్లిప్పర్స్‌కో వెళ్లి ఉంటే, ఓక్లహోమాలో అతని జెర్సీలు తగలబెట్టేవాళ్లేమో గానీ మిగతా దేశం రెండు వారాల్లో మర్చిపోయేది. వాళ్లలో ఎవరితో వెళ్లినా టైటిల్ కావాలంటే ఎక్కడో ఒకచోట మళ్లీ ఈ వారియర్స్‌నే ఎదుర్కోవాల్సి వచ్చేది.

ఇంకో విషయం చాలామంది వదిలేస్తారు, డబ్బు లెక్క. అసలు 73 మ్యాచ్‌లు గెలిచిన టీమ్ ఇంకో సూపర్‌స్టార్‌ని ఎలా కొనగలిగింది? లీగ్‌లో ప్రతి టీమ్‌కీ జీతాల మీద శాలరీ క్యాప్ అని ఒక పరిమితి ఉంటుంది. 2014లో కుదిరిన 24 బిలియన్ డాలర్ల టీవీ ఒప్పందం 2016లో అమల్లోకి వచ్చేసరికి ఆ క్యాప్ 70 మిలియన్ల నుంచి ఒక్క గెంతులో 94 మిలియన్లకి పోయింది. ఏటా కొంచెం కొంచెం పెంచుదామని లీగ్ అంటే ఆటగాళ్ల యూనియన్ ఒప్పుకోలేదు. దీనికి తోడు వారియర్స్ స్టార్ స్టెఫ్ కర్రీ 2012లో చీలమండ గాయాల రోజుల్లో సంతకం చేసిన పాత కాంట్రాక్ట్‌లోనే ఉన్నాడు, నాలుగేళ్లకి 44 మిలియన్లు, లీగ్‌లో రెండుసార్లు ఎంవీపీ అయినవాడికి అది చిల్లర కింద లెక్క. ఈ రెండూ ఒకే వేసవిలో కలిశాయి. అంతకు ముందు ఏడాది అయితే కుదరదు, తర్వాతైనా కుదరదు. హారిసన్ బార్న్స్‌ని వదులుకుని, బోగట్‌ని ఇక్కడ మా డాలస్‌కి పంపేసి జాగా చేసుకున్నారు. కాబట్టి అభిమానులకి "ఇదేదో అన్యాయం" అనిపించడంలో కొంత నిజం ఉంది, కానీ ఆ అన్యాయం చేసింది డ్యూరాంట్ కాదు, క్యాప్. తిట్లు మాత్రం ఆయన తిన్నాడు.

2017 ప్లేఆఫ్స్‌లో ఆ టీమ్ 16 గెలిచి ఒక్కటే ఓడింది. ఫైనల్స్‌లో డ్యూరాంట్ సగటు 35.2. మూడో మ్యాచ్ చివర్లో లెబ్రాన్ మీదుగా వేసిన త్రీ నేను పిల్లలకి ఇప్పటికీ చూపిస్తాను, అడుగులెలా పడ్డాయో చూడండి అని. ఆటగా చూస్తే అంతకంటే బాగా ఆడటం కష్టం. అయినా ఆ సిరీస్ చూసినవాళ్లలో సగం మందికి ఉత్కంఠే లేదు, ఫలితం సీజన్ మొదలైన అక్టోబర్‌లోనే తెలిసిపోయినట్టుంది. రింగు విలువ ఎప్పుడూ "ఈయన లేకపోతే ఈ టీమ్ గెలిచేదా?" అన్నదాని మీద ఉంటుంది. వారియర్స్ డ్యూరాంట్ రాకముందు 2015లో గెలిచారు. ఆయన వెళ్లాక 2022లో కూడా గెలిచారు, ఆ ఫైనల్స్ ఎంవీపీ కర్రీకి వచ్చింది. నిజం చెప్పాలంటే డ్యూరాంట్ పేరుకి పెద్ద దెబ్బ ఆ 2022 టైటిలే, తను కోర్టులో లేని మ్యాచ్‌ల వల్ల తగిలిన దెబ్బ.

ఇది న్యాయమేనా అంటే పూర్తిగా కాదు. డ్యూరాంట్ లేని వారియర్స్ 2016 ఫైనల్స్‌లో 3-1తో ముందుండి కూడా క్లీవ్‌లాండ్ చేతిలో ఓడారన్నది మర్చిపోకూడదు. 2018లో హ్యూస్టన్‌తో ఏడో మ్యాచ్ దాకా వెళ్లారు, ఆ మ్యాచ్‌లో హ్యూస్టన్ వరసగా 27 త్రీలు మిస్సయింది, డ్యూరాంట్ 34 కొట్టాడు. ఆయన లేకపోతే ఆ 2018 టైటిల్ వారియర్స్‌కి రాదని నేను గట్టిగా నమ్ముతాను. 2017ది మాత్రం అలా చెప్పలేను.

లెబ్రాన్ సంగతికొద్దాం. 2010 జులై 8న టీవీలో గంటసేపు ప్రత్యేక కార్యక్రమం పెట్టించి, సొంత రాష్ట్రం ఒహాయో మనుషులు చూస్తుండగా మయామీ వెళ్తున్నానన్నాడు. ఆ కార్యక్రమం మీద వచ్చిన డబ్బు పిల్లల సంస్థలకి ఇచ్చారు, అది ఎవరికీ గుర్తులేదు. మర్నాడే మయామీలో స్టేజి ఎక్కి అయిదు కాదు, ఆరు కాదు, ఏడు కాదు అంటూ టైటిళ్లు లెక్కపెట్టాడు. పొగరంటే అది. కానీ చూడండి, అతను వెళ్లిన మయామీ ముందు సీజన్‌లో 47 మ్యాచ్‌లు గెలిచి మొదటి రౌండ్‌లోనే బోస్టన్ చేతిలో పోయిన టీమ్. అతనితో పాటు చేరిన ఇంకో స్టార్ బాష్ కూడా కొత్తగా వచ్చినవాడే. అక్కడ కట్టాల్సింది చాలా ఉంది. మొదటి ఏడాదే ఫైనల్స్‌లో మా డాలస్ స్టార్ డర్క్ చేతిలో ఓడాడు, నాలుగో మ్యాచ్‌లో చేసింది ఎనిమిది పాయింట్లు. (డాలస్‌లో ఉంటూ ఇది చెప్పకుండా ఎలా?) ఆ ఓటమి లెబ్రాన్‌కి మేలే చేసింది. అందరూ కసితీరా నవ్వుకున్నారు, నవ్వాక కోపం తగ్గింది. ఆ తర్వాత గెలిచిన 2012, 2013 టైటిళ్లు కష్టపడి గెలిచినట్టే కనిపించాయి.

పైగా క్లీవ్‌లాండ్ యజమాని డాన్ గిల్బర్ట్ ఆ రాత్రే కోపంగా ఒక బహిరంగ లేఖ రాశాడు, లెబ్రాన్ కంటే ముందు మేమే టైటిల్ కొడతామని. లీగ్ అతనికి లక్ష డాలర్ల జరిమానా వేసింది. ఆ ఉత్తరంతో యజమానులు ఆటగాళ్లని ఎలా చూస్తారో బయటపడి సానుభూతి కొంచెం అటు తిరిగింది. చివరికి 2014లో లెబ్రాన్ వెనక్కొచ్చి, 2016లో అదే వారియర్స్ మీద 1-3 నుంచి లేచి గెలిచి, 52 ఏళ్లుగా ఏ పెద్ద లీగ్ టైటిలూ లేని ఊరికి ఒకటి తెచ్చాడు. ఎక్కడ పోగొట్టుకున్నాడో అక్కడే సంపాదించాడు. 2018లో లేకర్స్‌కి వెళ్లేటప్పుడు ఏజెన్సీ చేత ఒక చిన్న ప్రకటన ఇప్పించి ఊరుకున్నాడు. తీరు మార్చుకున్నాడన్నమాట. ఆ రెండోసారి క్లీవ్‌లాండ్‌లో జెర్సీలు కాల్చిన గోలేమీ పెద్దగా లేదు.

డ్యూరాంట్‌కి ఆ దారి మూసుకుపోయింది. ఓక్లహోమాకి తిరిగి వెళ్లలేదు. 2017 ఫిబ్రవరిలో మొదటిసారి ప్రత్యర్థిగా అక్కడికి వెళ్తే స్టాండ్స్ నిండా కప్‌కేక్ బొమ్మలు, అంటే మెత్తనోడు అని వెక్కిరింపు. డాలస్ నుంచి అది కారులో మూడు గంటల దూరం, నాకు ఆ ఊరు బాగానే తెలుసు. అక్కడ ఉన్న పెద్ద లీగ్ టీమ్ అదొక్కటే, దానికి మొదటి హీరో ఇతను. కోపం అర్థమవుతుంది. కాకపోతే ఒక చమత్కారం ఉంది, ఆ టీమే 2008లో సియాటిల్ వాళ్లని ఏడిపించి ఓక్లహోమాకి మూటాముల్లె సర్దుకుని వచ్చింది. డ్యూరాంట్ తన మొదటి సీజన్ ఆడింది సియాటిల్‌లోనే. విశ్వాసం గురించి మాట్లాడేటప్పుడు ఆ ఊరివాళ్లు ఈ భాగం చెప్పరు.

విశ్వాసం అనేది ఒకవైపే అడుగుతారు, ఇది కూడా చెప్పుకోవాలి. బోస్టన్ కోసం చెల్లి చనిపోయిన మర్నాడు కూడా ఆడిన ఐజయా థామస్‌ని ఆ 2017 వేసవిలోనే ట్రేడ్ చేశారు, అంటే వేరే టీమ్‌కి మార్పిడి ఇచ్చేశారు. టొరంటోని వదలనన్న డెరోజన్‌ని 2018లో పంపేశారు, మరుసటి ఏడాది టైటిల్ గెలిచారు కాబట్టి అందరూ మెచ్చుకున్నారు. 2025 ఫిబ్రవరిలో ఒక అర్ధరాత్రి మా ఊరివాళ్లు లూకా డాంచిచ్‌ని లేకర్స్‌కి ఇచ్చేశారు, అతను అడగలేదు, అతనికి ముందు తెలియను కూడా తెలియదు. మా క్లబ్ పిల్లలు వారం రోజులు సరిగ్గా ప్రాక్టీస్ చేయలేదంటే నమ్మండి. టీమ్ చేస్తే వ్యాపారం, ఆటగాడు చేస్తే ద్రోహం, ఈ లెక్క నాకెప్పుడూ నచ్చదు.

అయినా నా పిల్లల్లోనే చూస్తుంటాను, ఈ తీర్పు ఎవరూ నేర్పకుండానే వస్తుంది. మా దగ్గర మంచి గార్డ్ ఒకడుండేవాడు. వేసవి టోర్నమెంట్‌లో మమ్మల్ని ఓడించిన క్లబ్‌కే ఆ తర్వాత మారిపోయాడు. వాళ్ల నాన్నగారు నాతో మర్యాదగా మాట్లాడారు, ఆ క్లబ్ మ్యాచ్‌లకి కాలేజీ కోచ్‌లు వస్తారండీ, మీ దగ్గరికి రారు అన్నారు. నిజమే, నేనైనా మా అబ్బాయిని పంపేవాణ్ణి. వాడికి కాలేజీలో సీటు కూడా వచ్చింది. కానీ ఇప్పటికీ జిమ్‌లో వాడి పేరు వస్తే పిల్లలు మొదట చెప్పేది వాడి షాట్ గురించి కాదు, "ఓడించినోళ్ల దగ్గరికే పోయాడు కదా" అని. అదే సంవత్సరం ఇల్లు మారి ఇంకో మామూలు క్లబ్‌కి వెళ్లినవాణ్ణి ఒక్కరూ ఒక్క మాట అనలేదు, వాడొస్తే ఇప్పటికీ కలిసి పిజ్జా తింటారు.

ఇక "పేరు" అంటే ఎవరి దగ్గర పేరు అన్నది కూడా ముఖ్యమే. తోటి ఆటగాళ్లలో డ్యూరాంట్‌కి గౌరవం వెంట్రుకవాసి తగ్గలేదు, వాళ్లకి ఆ షాట్ ఎంత కష్టమో తెలుసు. మార్కెట్‌లో తగ్గలేదు, 2019లో మడమ వెనక ఉండే అకిలీస్ టెండన్ తెగిపోయి ఏడాది ఆడలేని పరిస్థితిలో ఉన్నా బ్రూక్లిన్ అతనికి భారీ కాంట్రాక్ట్ ఇచ్చింది. ఒలింపిక్స్‌లో నాలుగు స్వర్ణాలు, 2025లో 30,000 పాయింట్ల గీత దాటాడు. తగ్గింది ఒక్కచోటే, చరిత్రలో పదిమందిలో ఎవరెవరు అని జనం వేసుకునే జాబితాలో. ఆ జాబితా గురించి పట్టించుకోననే మనిషైతే గొడవే లేదు, కానీ డ్యూరాంట్ పట్టించుకుంటాడు. 2017లో ట్విట్టర్‌లో వేరేవాడు మాట్లాడినట్టు తన తరఫున తానే వాదించుకుంటూ దొరికిపోయి తర్వాత క్షమాపణ చెప్పాడు. ఆ నవ్వులాట 2016 నిర్ణయం కంటే అనవసరమైన నష్టం అని నా అభిప్రాయం. మాట్లాడకుండా ఆడుకుంటూ పోయి ఉంటే సగం మంది అలిసిపోయేవాళ్లు.

బ్రూక్లిన్‌లో మాత్రం దగ్గరగా వచ్చాడు. 2021లో మిల్వాకీతో ఏడో మ్యాచ్, టీమ్‌లోని మిగతా ఇద్దరు స్టార్లలో కైరీ లేడు, హార్డెన్ కుంటుతున్నాడు, డ్యూరాంట్ ఒక్కడే 48 పాయింట్లు. చివరి సెకన్‌లో తిరుగుతూ వేసిన షాట్ పడింది, కానీ బొటనవేలు గీత మీదుంది. మూడు కాదు రెండు. మ్యాచ్ సమమై ఓవర్‌టైమ్‌కి వెళ్లింది, అక్కడ ఓడిపోయారు. ఆ వేలు ఒక్క అంగుళం వెనక ఉండి, ఆ ఏడాది బ్రూక్లిన్ టైటిల్ దాకా వెళ్లి ఉంటే ఈ ప్రశ్న మీరు అడిగేవారే కాదు. అది జరగలేదు, తర్వాతి ఏడాది ట్రేడ్ అడిగాడు, 2023లో ఫీనిక్స్, అక్కడా ఏమీ కాలేదు. ఇలా జరిగేకొద్దీ 2016ని ఒక్కసారి తీసుకున్న నిర్ణయంగా కాక ఇతని స్వభావంగా చదవడం మొదలుపెట్టారు. అది సరైన చదువు కాదు, ఓక్లహోమాలో ఎనిమిదేళ్లున్నాడు మనిషి, కానీ జనం అలాగే చదువుతారు.

చివరిగా హ్యూస్టన్. 2025 వేసవిలో ట్రేడ్ మీద అక్కడికి వెళ్లాడు. అతను రాకముందు సీజన్‌లో ఆ టీమ్ 52 మ్యాచ్‌లు గెలిచి మొదటి రౌండ్‌లో ఓడిపోయింది, అదీ వారియర్స్ చేతిలో, ఏడు మ్యాచ్‌ల్లో. కుర్రాళ్ల టీమ్, టైటిల్ గెలిచినవాళ్లు ఒకరో ఇద్దరో తప్ప లేరు, చివరి నిమిషంలో షాట్ ఎవరు వేయాలో తెలియక ఇబ్బంది పడ్డారు. కాబట్టి మీ ఆఖరి ప్రశ్నకి నా జవాబు: మారుతుంది, అక్కడ గెలిస్తే చాలా మారుతుంది, ఎందుకంటే "ఈయన లేకపోయినా గెలిచేవాళ్లు" అనే మాట అక్కడ ఎవరూ అనలేరు. కాకపోతే ఆయన 1988లో పుట్టాడు, 2016లో ఉన్న కాళ్లు ఇప్పుడు లేవు. పైగా వెస్ట్‌లో దాటాల్సిన టీమ్‌లలో 2025లో టైటిల్ గెలిచిన ఓక్లహోమా కూడా ఉంది.

ఫ్రీ ఏజెన్సీలో ఇంకెవరి గురించైనా అడగాలంటే కింద రాయండి, కవాయి లెనర్డ్ 2019 సంగతి ఒక్కటి మాత్రం విడిగా అడగండి, అది ఇంత పొడుగూ ఉంటుంది.